కెనడాలో శరణార్థి క్లెయిమ్ రిజెక్ట్ అయితే అప్పీల్ ఎలా చేయాలి

రిజెక్ట్ అయినట్టు ఉత్తరం ఏ రోజు చేతికి వచ్చిందో ముందు ఒక కాగితం మీద రాసుకోండి. ఇంటికి ఫోన్ చేయడం, లాయర్‌ని వెతకడం, దిగులుపడటం, అన్నీ ఆ తర్వాతే. ఇకపై మీరు చేయగలిగిన ప్రతి పనికీ ఒక గడువు ఉంది. మొదటి రెండు గడువులూ ఆ తేదీ నుంచే లెక్క. కేసులో బలం ఉండి కూడా నాలుగు రోజులు ఆలస్యమై అవకాశం పోగొట్టుకున్నవాళ్ళు ఉన్నారు. అందుకే అన్నిటికంటే ముందు ఈ మాట చెబుతున్నాను.

నేను లాయర్‌ని కాను. మన తెలుగువాళ్ళ శరణార్థి కేసుల్లో కాగితాలు ఇంగ్లీషులోకి మార్చి పెడుతూ, ఇంగ్లీషులో వచ్చిన తీర్పులు వాళ్ళకి తెలుగులో విడమరిచి చెబుతూ నేర్చుకున్నది ఇక్కడ రాస్తున్నాను. కులాంతర పెళ్ళి చేసుకుని సొంతవాళ్ళకే భయపడి వచ్చినవాళ్ళు, గే అని తెలిశాక ఊళ్ళో బతకలేక వచ్చినవాళ్ళు, రాజకీయ గొడవల్లో ప్రాణం మీదికి వచ్చి పారిపోయి వచ్చినవాళ్ళు ఉంటారు. కథలు వేరువేరు. రిజెక్ట్ చేసిన కారణాలు మాత్రం తరచూ ఒకేలా ఉంటాయి.

ఆ కారణాలకి జవాబు చెప్పడమే అప్పీల్. మీ కథ మళ్ళీ మొదటి నుంచి చెప్పుకుంటే ఉపయోగం లేదు. మీ కేసు విన్న అధికారి (మెంబర్ అంటారు) రాసిన తీర్పులో ఏ పేరాలో ఏం తప్పు జరిగిందో చూపించాలి. ఈ తేడా తెలియక మొదటి హియరింగ్‌లో చెప్పిందే ఇంకా బాధగా, ఇంకా పొడుగ్గా రాసి పంపిస్తారు. అది చదివేవాళ్ళకి పట్టుకోవడానికి ఏమీ దొరకదు.

ఉత్తరంలో ముందు ఏం చూడాలి

మీ కేసు విన్నది ఇమ్మిగ్రేషన్ అండ్ రెఫ్యూజీ బోర్డు, అంటే ఐఆర్‌బీలోని ఆర్‌పీడీ అనే, క్లెయిమ్‌లని మొదట వినే విభాగం. వాళ్ళు కాదంటే దాని పైన అదే బోర్డులో ఆర్‌ఏడీ అనే అప్పీల్ విభాగం ఉంది. 2012 డిసెంబర్ నుంచి ఇది పనిచేస్తోంది. అక్కడా కాదంటే ఫెడరల్ కోర్టు.

అందరికీ ఆర్‌ఏడీకి వెళ్ళే హక్కు ఉండదు. తీర్పు చివరి పేజీ తీసి చూడండి. "నో క్రెడిబుల్ బేసిస్" (నమ్మదగ్గ ఆధారమే లేదు) అని గానీ, "మానిఫెస్ట్‌లీ అన్‌ఫౌండెడ్" (క్లెయిమ్ స్పష్టంగా మోసం) అని గానీ ఉంటే మీకు ఆర్‌ఏడీ లేదు, నేరుగా ఫెడరల్ కోర్టే. అమెరికా నుంచి రోడ్డు సరిహద్దు దాటి, రెండు దేశాల మధ్య ఉన్న శరణార్థుల ఒప్పందంలోని మినహాయింపు కింద లోపలికి వచ్చి క్లెయిమ్ వేసినవాళ్ళకీ ఇంతే. ఇది చాలా పెద్ద తేడా. ఆర్‌ఏడీలో అప్పీల్ నడిచినంత కాలం మిమ్మల్ని దేశం నుంచి పంపించలేరు. ఆర్‌ఏడీ హక్కు లేకుండా ఫెడరల్ కోర్టుకి వెళితే ఆ రక్షణ దానంతట అది రాదు, విడిగా స్టే, అంటే పంపించకుండా ఆపే కోర్టు ఉత్తర్వు, అడగాలి.

15 రోజులు, 45 రోజులు

ఆర్‌ఏడీకి రెండు గడువులు. కారణాలతో ఉన్న తీర్పు అందిన రోజు నుంచి 15 రోజుల్లో అప్పీల్ నోటీసు వేయాలి. అదే రోజు నుంచి 45 రోజుల్లో అప్పీలెంట్ రికార్డు, అంటే మీ వాదన, కాగితాలు అన్నీ కలిపిన కట్ట, ఇవ్వాలి. చాలామంది నోటీసు వేసిన రోజు నుంచి 45 లెక్కపెట్టుకుంటారు. అది తప్పు. మార్చి 3న తీర్పు అందిందనుకోండి. నోటీసుకి మార్చి 18, రికార్డుకి ఏప్రిల్ 17.

నోటీసు చిన్న ఫారం, దానికి ఫీజు లేదు. లాయర్ ఇంకా దొరకలేదని దాన్ని ఆపకండి. మీ అంతట మీరు నింపి వేసేయవచ్చు, లాయర్ వివరాలు తర్వాత చేర్చుకోవచ్చు. పంపినట్టు రుజువు తప్పకుండా దాచుకోండి. గడువు దాటితే అదనపు సమయం అడగడానికి దారి ఉంది. ఎందుకు ఆలస్యమైందో ప్రమాణ పత్రంతో చెప్పాలి, అప్పుడైనా ఇస్తారన్న హామీ లేదు. ఇలాంటి నిబంధనలు మారుతుంటాయి కాబట్టి ఫైల్ చేసే ముందు ఐఆర్‌బీ వెబ్‌సైట్‌లో ఒకసారి సరిచూసుకోండి.

ఎవరి చేతిలో పెట్టాలి

ఇక్కడ మనవాళ్ళు ఎక్కువగా మోసపోతున్నారు. గుడి దగ్గర పరిచయమైన ఆయన, వాట్సాప్ గ్రూపులో "నేను చూసుకుంటా" అన్న ఆయన మీ తరఫున వాదించలేరు. ఆర్‌ఏడీలో డబ్బు తీసుకుని వాదించే హక్కు లాయర్లకి, ఒంటారియోలో లైసెన్స్ ఉన్న పారాలీగల్స్‌కి, క్యూబెక్‌లో నోటరీలకి, ఐఆర్‌బీ ముందు హాజరయ్యే ప్రత్యేక లైసెన్స్ ఉన్న ఇమ్మిగ్రేషన్ కన్సల్టెంట్లకి మాత్రమే ఉంది. స్టూడెంట్ వీసాలు చేసే కన్సల్టెంట్లందరికీ ఆ లైసెన్స్ ఉండదు. కన్సల్టెంట్లకి లైసెన్సులిచ్చే సంస్థని "కాలేజీ" అంటారు, దాని పబ్లిక్ రిజిస్టర్‌లో పేరు కొట్టి చూడండి, రెండు నిమిషాల పని. ఫెడరల్ కోర్టులో అయితే లాయర్ తప్ప ఇంకెవరూ మీ తరఫున నిలబడలేరు. మీకు మీరే వాదించుకోవచ్చు గానీ, కోర్టు దగ్గరికొచ్చేసరికి నేను ఆ సలహా ఇవ్వను.

డబ్బు లేదని ఆగిపోకండి. ఒంటారియోలో లీగల్ ఎయిడ్ ఒంటారియో, బ్రిటిష్ కొలంబియాలో లీగల్ ఎయిడ్ బీసీ శరణార్థి అప్పీళ్ళకి సాయం చేస్తాయి. కేసులో పస ఉందో లేదో చూశాకే ఇస్తారు, అందుకు కొన్ని రోజులు పడుతుంది. కాబట్టి తీర్పు వచ్చిన మర్నాడే ఫోన్ చేయాలి.

పాత లాయరో కన్సల్టెంటో మీ కేసు పాడుచేశారని అనిపిస్తే అదీ అప్పీల్‌లో ఒక కారణం కావచ్చు. కానీ ఊరికే నిందిస్తే కుదరదు. ముందు వాళ్ళకి రాతపూర్వకంగా తెలియజేసి, జవాబు చెప్పుకునే అవకాశం ఇవ్వాలి. వాళ్ళకి మీరు పంపిన మెయిళ్ళు, మెసేజీలు ఒక్కటి కూడా డిలీట్ చేయకండి.

తీర్పుని ఎలా చదవాలి

పెన్ను పట్టుకుని చదవండి. ప్రతి పేరా పక్కన ఒక ముక్క రాయండి: ఇక్కడ మెంబర్ ఏం నమ్మలేదు? దేన్ని చూపించి నమ్మలేదు? మీరు ఇచ్చిన కాగితాల్లో దేని పేరు ఎత్తనే లేదు?

కెనడా చట్టంలో మాల్డొనాడో కేసు నాటి నుంచి ఒక సూత్రం ఉంది. ప్రమాణం చేసి చెప్పిన మాటని, అనుమానించడానికి కారణం ఉంటే తప్ప, నిజమనే తీసుకోవాలి. అంటే మెంబర్ నమ్మలేదంటే ఎందుకో చెప్పి తీరాలి. ఆ "ఎందుకు" అన్నదాన్నే మీరు పరీక్షించాలి. చిన్న తేదీ తేడాని పట్టుకుని మొత్తం కథని కొట్టేశారా? మన సమాజంలో మామూలు విషయాన్ని "ఇలా జరిగి ఉండదు" అని తమ లెక్కతో కొలిచారా? ఇంట్లోంచి పారిపోయిన అమ్మాయి పోలీసుల దగ్గరికి ఎందుకు వెళ్ళలేదని అడుగుతారు. అదే స్టేషన్ నుంచి అమ్మాయిని తిరిగి నాన్న చేతికి అప్పగించడం మనకి తెలిసిన సంగతి. మెంబర్‌కి అది తెలియకపోవచ్చు. రుజువుతో చెప్పాల్సింది మీరే.

ఒక ఊరట ఉంది. 2016లో హురుగ్లికా కేసులో ఫెడరల్ కోర్ట్ ఆఫ్ అప్పీల్ చెప్పిన దాని ప్రకారం, ఆర్‌ఏడీ కింది తీర్పుని కేవలం "పరవాలేదు" అని వదిలేయకూడదు. రికార్డంతా తనే చదివి, అది సరైనదో కాదో తేల్చాలి. తప్పని తేలితే తనే మీకు శరణార్థి హోదా ఇవ్వవచ్చు. ఆ తర్వాత మెట్టయిన ఫెడరల్ కోర్టు ఆ పని చేయదు. అందుకే మీ శక్తంతా పెట్టాల్సిన చోటు ఆర్‌ఏడీ.

హియరింగ్ రికార్డింగ్ తెప్పించి వినండి

ఇది చాలామంది చేయని పని. ఆర్‌పీడీని అడిగితే మీ హియరింగ్ ఆడియో ఇస్తారు. దాన్ని మొదటి నుంచి చివరిదాకా వినండి. తెలుగు ఇంటర్‌ప్రెటర్‌తో జరిగిన హియరింగ్ అయితే మరీ తప్పకుండా వినాలి.

మన మాటల్లో ఉన్న చిక్కు అలాంటిది. "మా అన్నని కొట్టారు" అంటాం. పెదనాన్న కొడుకూ అన్నే, వీధిలో పెద్దబ్బాయీ అన్నే, పార్టీలో నాయకుడూ అన్నే. ఇంటర్‌ప్రెటర్ "బ్రదర్" అంటారు. క్లెయిమ్‌తో మీ కథ రాసిచ్చిన బీఓసీ ఫారంలో మీకు తోడబుట్టిన అన్నలు లేరని ఉంటుంది. ఇక మెంబర్ తీర్పులో ఒకచోట అన్న ఉన్నాడన్నారు, ఒకచోట లేడన్నారు, కాబట్టి నమ్మలేనని రాస్తారు. "మొన్న" కూడా ఇలాంటిదే. నిన్నటికి ముందు రోజుకీ మొన్నే, ఆరు నెలల కిందటి సంగతికీ "మొన్నామధ్య" అంటాం. "సంక్రాంతి వెళ్ళాక" అన్న మాటని ఇంటర్‌ప్రెటర్ జనవరి 15 అని తేదీగా మార్చేస్తే, మీరు ఫారంలో ఫిబ్రవరి అని రాసిన దానికి అది అడ్డం తిరుగుతుంది.

అన్నిటికంటే ఎక్కువ నష్టం చేసేది "కేసు పెట్టాం" అన్న మాట. మన దగ్గర స్టేషన్‌లో కంప్లైంట్ రాసిచ్చి వచ్చినా కేసు పెట్టామనే అంటాం, ఎఫ్‌ఐఆర్ కట్టినా అదే మాట. ఇంగ్లీషులో అది "కేసు రిజిస్టర్ అయింది" అయి కూర్చుంటుంది. అప్పుడు మెంబర్ ఎఫ్‌ఐఆర్ ఏదని అడుగుతారు. లేదంటే అబద్ధం చెప్పినట్టు లెక్క కడతారు.

ఆడియోలో ఇలాంటిది దొరికితే ఏ నిమిషంలో ఉందో రాసుకోండి. తెలుగూ ఇంగ్లీషూ బాగా వచ్చిన, మీ కుటుంబానికి చెందని మనిషి చేత ఆ ముక్క తెలుగులో ఏం అన్నారు, ఇంగ్లీషులో ఏం వచ్చింది అని పక్కపక్కన రాయించి, ప్రమాణ పత్రంగా పెట్టించండి. మొహమ్మదియన్ కేసులో 2001లో ఫెడరల్ కోర్ట్ ఆఫ్ అప్పీల్ ఒక షరతు పెట్టింది: అనువాదం సరిగ్గా లేదని తెలిసిన మొదటి అవకాశంలోనే అభ్యంతరం చెప్పాలి. హియరింగ్‌లోనే తేడా తెలిసినా ఊరుకుని, ఓడిపోయాక చెబితే వినరు. మీకు ఇంగ్లీషు రాదు కాబట్టి అప్పట్లో తెలియలేదంటే, ఆ మాట కూడా ప్రమాణ పత్రంలో ఉండాలి.

కొత్త రుజువులు

ఆర్‌ఏడీలో కొత్త కాగితాలు ఊరికే తీసుకోరు. మూడింటిలో ఒకటైనా ఉండాలి: ఆర్‌పీడీ తీర్పు తర్వాత పుట్టిన రుజువు అయి ఉండాలి, లేదా అప్పట్లో మీకు దొరికే వీలు లేనిదై ఉండాలి, లేదా ఆ పరిస్థితుల్లో మీరు తెచ్చి ఇస్తారని ఆశించలేనిదై ఉండాలి. దాంతోపాటు అది నమ్మదగ్గదేనా, కేసుకి సంబంధించిందేనా అనీ చూస్తారు.

ఎఫ్‌ఐఆర్ విషయంలో జాగ్రత్త. 2016లో మన సుప్రీంకోర్టు ఇచ్చిన ఆదేశంతో సున్నితమైన కేసులు తప్ప మిగతా ఎఫ్‌ఐఆర్‌లు పోలీసుల వెబ్‌సైట్‌లో పెడుతున్నారు. అందుకే "అప్పుడు దొరకలేదు" అంటే, ఆన్‌లైన్‌లో ఉన్నదేగా అని అడుగుతారు. మహిళలపై లైంగిక నేరాల లాంటి కేసుల్లో అవి పెట్టరు. మీది అలాంటిదైతే ఆ విషయం చెప్పండి. ఇంకొకటి, 2024 జూలై 1 నుంచి ఐపీసీ బదులు బీఎన్‌ఎస్, సీఆర్‌పీసీ బదులు బీఎన్‌ఎస్‌ఎస్ వచ్చాయి. ఒకే గొడవ మీద పాత కాగితంలో ఒక సెక్షన్ నంబరు, కొత్త కాగితంలో ఇంకొకటి ఉంటే కెనడాలో చదివేవాళ్ళకి అనుమానం వస్తుంది. వాదనలో రెండు వాక్యాల్లో విషయం చెప్పేస్తే సరిపోతుంది.

ఇంటి నుంచి వచ్చే ఉత్తరాలు కూడా పనికొస్తాయి, ఎలా రాశారన్నదే ముఖ్యం. "మా అబ్బాయికి ప్రాణహాని ఉంది, కాపాడండి" అన్న ఉత్తరం వల్ల పెద్దగా ఉపయోగం లేదు. ఎవరు, ఏ తేదీన, ఎన్ని గంటలకి ఇంటికి వచ్చారు, ఏం అడిగారు, పక్కన ఎవరున్నారు అని రాయించండి. ఆధార్ కాపీ జత చేయించండి. తెలుగు కాగితం ప్రతిదానికీ ఇంగ్లీషు లేదా ఫ్రెంచ్ అనువాదం, అనువాదకుడి డిక్లరేషన్ ఉండాలి. అనువాదంలో "అన్న" వచ్చిన చోట ఎవరో చుట్టరికం రాయించండి. దొంగ కాగితం మాత్రం ఎవరు ఎంత ధైర్యం చెప్పినా పెట్టకండి. ఒక్కటి బయటపడితే మీ దగ్గరున్న నిజమైన కాగితాలన్నీ దాంతోపాటే పోతాయి.

రికార్డులో ఉండాల్సినవి: తీర్పు కాపీ, ఆర్‌పీడీ తీసుకోనన్న కాగితాలు, కొత్త రుజువులు ఎందుకు తీసుకోవాలో వివరణ, మీరు ఆధారపడే హియరింగ్ భాగాల రాతప్రతి, చివరగా మెమోరాండం, అంటే మీ వాదన రాత. మెమోరాండం 30 పేజీలు దాటకూడదు. ఆర్‌ఏడీ మామూలుగా కాగితాల మీదే తేలుస్తుంది. మళ్ళీ హియరింగ్ కావాలంటే కొత్త రుజువు మీ మాట నమ్మదగ్గదా కాదా అన్నది తేల్చే స్థాయిలో ఉండాలి, అది కూడా మీరే అడగాలి.

"ముంబై వెళ్ళి బతకొచ్చుగా" అన్న ప్రశ్న

ఇండియా నుంచి వచ్చినవాళ్ళ కేసుల్లో తరచూ ఎదురయ్యే గోడ ఇదే. మీ కథంతా నమ్మి కూడా "మీ దేశంలోనే వేరే ఊరికి వెళ్ళండి" అని రిజెక్ట్ చేయవచ్చు. దీన్ని ఐఎఫ్‌ఏ (ఇంటర్నల్ ఫ్లైట్ ఆల్టర్నేటివ్) అంటారు. ముంబై, ఢిల్లీ, కోల్‌కతా లాంటి పేర్లు మెంబర్ చెబుతారు. అక్కడ మీకు రక్షణ లేదని చూపించాల్సిన భారం మీదే.

ఇందులో రెండు ప్రశ్నలు ఉంటాయి. అక్కడ కూడా మీకు హాని జరిగే గట్టి అవకాశం ఉందా? లేదంటే, మీ పరిస్థితిలో అక్కడికి వెళ్ళి బతకమనడం న్యాయమేనా? మనవాళ్ళు రెండో దాని మీద పేజీలు నింపుతారు: హిందీ రాదు, చుట్టాలు లేరు, ఉద్యోగం దొరకదు అని. రంగనాథన్ కేసులో ఆ రెండో ప్రశ్నకి కోర్టు చాలా ఎత్తైన గీత గీసింది, ప్రాణానికి, భద్రతకి ముప్పు వచ్చేంత కష్టం ఉండాలంది. హిందీ రాకపోవడం ఒక్కటే ఆ గీతని అందుకోదు.

బలమంతా మొదటి ప్రశ్న మీద పెట్టండి. మిమ్మల్ని వెతికేవాళ్ళకి వెతకగలిగే దారి ఉందా, వెతకాలన్న పట్టుదల ఇంకా ఉందా, ఈ రెండూ రుజువు చేయాలి. వాళ్ళకి పోలీసుల్లో, పార్టీలో ఎవరున్నారు? మీరు వచ్చేశాక ఎన్నిసార్లు ఇంటికి వచ్చారు? చివరిసారి ఎప్పుడు? రెండేళ్ళుగా ఎవరూ రాలేదంటే పట్టుదల పోయిందని రాస్తారు, అందుకే ఇటీవలి రుజువు కావాలి. పెద్ద నగరాల్లో ఇల్లు అద్దెకి తీసుకుంటే పోలీసులకి కిరాయిదారు వివరాలు ఇవ్వాల్సి రావడం, సీసీటీఎన్‌ఎస్ అనే పోలీసు కంప్యూటర్ నెట్‌వర్క్ ద్వారా స్టేషన్ల మధ్య సమాచారం నడవడం గురించి, దేశాల పరిస్థితుల మీద ఐఆర్‌బీ సొంతంగా పెట్టుకునే నేషనల్ డాక్యుమెంటేషన్ ప్యాకేజీలోనే ఉంది. మిమ్మల్ని వెతికేది పోలీసులో, పోలీసుల్లో పలుకుబడి ఉన్నవాళ్ళో అయితే పేజీ నంబరుతో సహా దాన్ని చూపించండి. ఇంకో మాట ఫెడరల్ కోర్టు కొన్ని తీర్పుల్లో చెప్పింది: ఎక్కడున్నారో కన్నవాళ్ళకి, స్నేహితులకి కూడా చెప్పకుండా బతకాల్సి వస్తే అది దాక్కోవడం లాంటిదే, దాన్ని సురక్షితమైన చోటు అనకూడదు. అమ్మానాన్నల్ని బెదిరించి మీ అడ్రస్ రాబట్టే ప్రమాదం ఉంటే ఈ వాదన తప్పకుండా రాయించండి.

ఆర్‌ఏడీ కూడా కాదంటే

ఆర్‌ఏడీ తీర్పు అందిన 15 రోజుల్లో ఫెడరల్ కోర్టులో దరఖాస్తు వేయాలి. ఫీజు 50 డాలర్లు. దీన్ని జ్యుడీషియల్ రివ్యూ అంటారు. ఇక్కడ ముందు "లీవ్" దొరకాలి, అంటే కోర్టు మీ కేసు వినడానికి అనుమతి. ఒక జడ్జి కాగితాలు చూసి ఇస్తారు లేదా ఇవ్వరు. ఇవ్వకపోతే దాని మీద అప్పీల్ లేదు. చాలా కేసులు ఈ గడప దగ్గరే ఆగిపోతాయి.

కోర్టు మీరు శరణార్థి అవునా కాదా అని తేల్చదు. తీర్పు రాసిన తీరు సమంజసంగా ఉందా అని చూస్తుంది. 2019 డిసెంబర్‌లో వచ్చిన వావిలోవ్ తీర్పు దీనికి కొలబద్ద: కారణాలు ఒకదానికొకటి అతికేలా, రుజువులకి తగ్గట్టు ఉండాలి. ముఖ్యమైన కాగితాన్ని పట్టించుకోలేదని, మీ వాదనకి జవాబే ఇవ్వలేదని చూపించగలిగితే నిలబడతారు. కొత్త రుజువులు సాధారణంగా తీసుకోరు. గెలిస్తే కేసు మళ్ళీ వేరే మెంబర్ దగ్గరికి వెళుతుంది.

ఆర్‌ఏడీ తీర్పు మీద గడువులోపల కోర్టుకి వెళితే, గట్టి నేర చరిత్ర లాంటి మినహాయింపులు లేకపోతే, పంపించివేత దానంతట అదే ఆగుతుంది. ఆలస్యంగా వెళ్ళి అదనపు సమయం అడిగితే ఆ ఆటోమేటిక్ రక్షణ ఉండదు. అప్పుడూ, ఆర్‌ఏడీ హక్కు లేనివాళ్ళకీ, కెనడా సరిహద్దు శాఖ సీబీఎస్‌ఏ నుంచి, దేశం విడిచి బయల్దేరాల్సిన తేదీ వచ్చాక స్టే మోషన్ వేయాలి. టోథ్ కేసు నాటి పరీక్ష మూడు విషయాలు చూస్తుంది: వాదనలో పస ఉందా, పంపిస్తే పూడ్చలేని హాని జరుగుతుందా, ఇరువైపుల కష్టాల్లో మీ వైపు బరువెక్కువా. ఆ తేదీ చేతికి వచ్చిన రోజే లాయర్‌కి చెప్పండి, వారం ఆగితే మోషన్ రాయడానికే టైమ్ ఉండదు.

అసలు ఈ దేశంలో శరణార్థికి ఎదురుగా కూర్చుని చెప్పుకునే హక్కు వచ్చింది ఇండియా నుంచి వచ్చినవాళ్ళ వల్లే. 1985 ఏప్రిల్ 4న సింగ్ కేసులో సుప్రీంకోర్ట్ ఆఫ్ కెనడా, మాట నమ్మాలా వద్దా అన్నదే ప్రశ్న అయిన చోట మనిషి మాట ఎదురుగా వినకుండా తేల్చకూడదంది. ఆ కేసు వేసినవాళ్ళలో ఎక్కువమంది సిక్కులు. ఏటా ఏప్రిల్ 4ని ఇక్కడ రెఫ్యూజీ రైట్స్ డేగా జరుపుకుంటారు. మీరు అప్పీల్ వేయడం ఎవరినో బతిమాలడం కాదు, తలవంచుకుని ఆఫీసు మెట్లు ఎక్కాల్సిన అవసరం లేదు.

కోర్టు కూడా కాదంటే, పీఆర్‌ఆర్‌ఏ అనే రిస్క్ పరిశీలనకి చివరి తిరస్కారం నుంచి 12 నెలలు ఆగాలి. మానవతా కారణాలతో వేసే హెచ్ అండ్ సీ దరఖాస్తుకి కూడా మామూలుగా అంతే, పిల్లల క్షేమం, ప్రాణాంతక జబ్బు లాంటి వాటికి మినహాయింపు ఉంది. ఈలోగా వెళ్ళిపోవాల్సి వస్తే ఒక్క పని మరచిపోకండి. డిపార్చర్ ఆర్డర్ (దేశం విడిచి వెళ్ళమన్న ఉత్తర్వు) అమల్లోకి వచ్చిన 30 రోజుల్లో బయల్దేరి, ఎయిర్‌పోర్టులో సీబీఎస్‌ఏ దగ్గర డిపార్చర్ సర్టిఫికెట్ తీసుకోవాలి. అలా చేయకుండా వెళితే అది డిపోర్టేషన్ ఆర్డర్‌గా మారుతుంది. ఆ తర్వాత ఎప్పుడు కెనడా రావాలన్నా ప్రత్యేక అనుమతి అడగాల్సిందే.